బుద్రి ఆయ సామలు, నా విశ్వం పుట్టుక

అరకు వెళ్లొచ్చినవాళ్లు లోయ ఫొటోలు చూపిస్తారు, కాఫీపొడి పంచుతారు, బొంగు చికెన్ గురించి పావుగంట మాట్లాడతారు. నా దగ్గర ఆ మూడూ లేవు. ఫొటోలు తీసిన ఫోను జోలాపుట్ నీళ్లలో తడిసి చచ్చిపోయింది, కాఫీ కొనలేదు, చికెన్ నేను తినను. మా వీధిలో అడిగినవాళ్లందరికీ "బాగానే జరిగింది" అని చెప్పి తప్పించుకున్నాను. బాగా జరగలేదు. ఐదు రోజుల్లో రెండుసార్లు సిగ్గుపడే పని చేసి వచ్చాను. అందులో ఒకటి తెలియక చేసింది, రెండోది తెలిసీ చేసింది. ఆ ఊరి పేరు మాత్రం రాయను. చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

నేను విజయనగరంలో ముప్పై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రిటైరయ్యాక ఇంట్లో నా పాఠం వినేవాళ్లు లేరు. మా ఆయన టీవీ సౌండు పెంచుతారు. అలాంటి సమయంలో నా పాత విద్యార్థిని కొండమ్మ ఫోన్ చేసింది. ముంచంగిపుట్టు వైపు ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరుగా చేస్తోంది. "మేడమ్, విశ్వం ఎలా పుట్టిందో మా గుంటలకి మీరొచ్చి చెప్పాలి. మాకు చెప్పారు కదా, అలాగే. నేను చెబితే వాళ్లకి నిద్రొస్తోంది" అంది. నా గొంతులో ముప్పై రెండేళ్ల పాఠం ఒక్కసారి కదిలింది. ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను.

కొత్తవలస నుంచి కొండ ఎక్కుతూ

కొత్తవలసలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాను. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలవుతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కుర్రకారు అరుస్తారు, వెలుగు రాగానే సిగ్గుపడి ఊరుకుంటారు. నేను కిటికీ పక్కన కూచుని నోట్సు తిరగేశాను. పాఠం నా నోటికి వచ్చిందే. దాదాపు పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ల కిందట అంతా ఒక్కచోట, ఊహకందని వేడిలో ఉంది. విస్తరించింది, విస్తరించే కొద్దీ చల్లబడింది. మొదటి కొన్ని నిమిషాల్లోనే పరమాణు కేంద్రకాలు తయారయ్యాయి. కానీ ఎలక్ట్రాన్లు వచ్చి వాటి చుట్టూ చేరడానికి ఇంకో మూడు లక్షల ఎనభై వేల ఏళ్లు పట్టింది. అంత వేడిలో ఏదీ దేని దగ్గరా నిలవలేదు. చల్లారాకే మొదటి పరమాణువు పుట్టింది. అప్పటిదాకా దారి దొరక్క తిరిగిన వెలుగు కూడా అప్పుడే బయటపడింది. ఈ చివరి మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగుతాను. క్లాసు కూడా ఆగుతుంది.

బొర్రా దగ్గర ఒక పెద్దావిడ ఖాళీ బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూచుంది. మా పెరటి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్ది డబ్బాలో తెచ్చుకున్నాను. ఆవిడ ముందు పెట్టాను.

"ఒద్దమ్మా. మాకింకా కొత్త అవనేదు" అంది.

కొత్త అంటే కొత్త పంట దేవతకు పెట్టే రోజు. అది అయ్యేదాకా చెట్టుమీది కాయను కూడా వీళ్లు నోట పెట్టరట. "చెట్టుకి ఆ సంగతి తెలుసా?" అని నవ్వాను. ఆవిడ కూడా మర్యాదగా నవ్వింది. ముక్కలన్నీ నేనే తిన్నాను. మా ఊళ్లో అయితే పిందెలప్పుడే రాళ్లతో కొట్టేస్తాం.

అరకులో దిగి టీ తాగాను. టూరిస్టులు తాగే చోట ముప్పై రూపాయలు, ఆటోవాళ్లు తాగే చోట పది. పది రూపాయలదే బాగుంది. అక్కణ్నుంచి బస్సులో ముంచంగిపుట్టు. దారిలో నాలుగుచోట్ల ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పెట్టి పాటలు పాడుతూ బస్సు ఆపారు. ఇటుకల పండుగట. మగవాళ్లు వేటకి వెళ్తారు, ఆడవాళ్లు దారి కాసి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ డబ్బులు పుచ్చుకుంటారు. పదో ఇరవయ్యో ఇస్తే బొంగు లేస్తుంది. మా డ్రైవరు నాలుగోసారికి విసుక్కుని హారన్ కొట్టాడు. ఒక ముసలామె బస్సు ముందుకొచ్చి బానెట్ మీద అరచేత్తో చరిచి, పాట మొదటి నుంచి అందుకుంది. పది నిమిషాలు ఆలస్యమైంది గానీ బస్సంతా నవ్వింది.

కొండమ్మ అద్దెకుండే ఇల్లు

కొండమ్మ బడికి దగ్గరలో ఒక ఇంటి ముందుగదిలో ఉంటుంది. వెనక గదుల్లో ఇంటి యజమానురాలు బుద్రి. డెబ్భైకి దగ్గర ఉంటుంది. బుధవారం పుట్టిందని ఆ పేరు పెట్టారట. పెళ్లయి వచ్చింది నీళ్ల అవతలి ఒడిశా పల్లె నుంచి. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, మాతో ఏజెన్సీ తెలుగు. కొండమ్మ ఆమెను "ఆయా" అంటుంది. అంటే అమ్మా అని. నేనూ అలాగే పిలిచాను.

ఆ పూట చోడి (రాగి) అంబలి, పచ్చి పనసకాయ కూర అడ్డాకు దొప్పల్లో పెట్టింది. పనసను మేం పొట్టు కొట్టి ఆవ పెట్టి వండుతాం. ఆమె ఉప్పూ మిరపకాయా తప్ప ఏమీ వేయలేదు. పనస రుచి పనసకే ఉందని నాకు ఈ వయసులో తెలిసింది.

తింటూ పైకి చూస్తే పొయ్యి మీద అటక కర్రకి ఎండిన ఆనపకాయ బుర్రలు మూడు వేలాడుతున్నాయి. మూతులకు పేడ మెత్తి ఉంది.

"అవేంటి ఆయా?"

"కందులు. బొబ్బర్లు. ఆ సిన్నదాన్ల సామలు" అంది. సామలున్న బుర్రను చూపించేటప్పుడు ఆమె గొంతు కొంచెం మారింది. "మాయమ్మిచ్చినాది. పెల్లికి ఒట్టుకొచ్చినాను. ఈ ఊర్ల నాకాడే ఉన్నాది."

మిగతా సామల కంటే నెల ముందు పండుతాయట. వానాకాలం మధ్యలో ఇళ్లలో గింజ అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో మొదట కుండలోకొచ్చేవి అవేనట. నేను "అలాగా" అన్నాను. నా మనసు అప్పటికే మర్నాటి పాఠం మీద ఉంది.

పాఠం రోజు

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. పరమాణువు పుట్టుక చూపించడానికి నా దగ్గర ఒక ప్రయోగం ఉంది. ఇనప మూకుడు బాగా కాల్చి అందులో కందులు, బొబ్బర్లు, ఆవాలు వేస్తాను. కందులు ప్రోటాన్లు, బొబ్బర్లు న్యూట్రాన్లు, ఆవాలు ఎలక్ట్రాన్లు. మూకుడు వేడిగా ఉన్నంతసేపూ ఆవాలు ఎగురుతూనే ఉంటాయి. దించి చల్లార్చి మెల్లగా ఊపితే పెద్దగింజల చుట్టూ చేరి పడుకుంటాయి. అదే మొదటి పరమాణువు అంటాను. పిల్లలు మర్చిపోరు.

కందులు, బొబ్బర్లు హాస్టలు వంటగదిలో దొరికాయి. ఆవాలు నా సంచిలోనే పొట్లం కట్టి ఉన్నాయి. అవి వాడి ఉంటే ఈ వ్యాసం అరకు చలి గురించి ఉండేది. కానీ పొద్దున్నే నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. వాళ్ల కొండగింజతోనే వాళ్ల పిల్లలకు చెబితే గుండెకు హత్తుకుంటుంది కదా అని. కొండమ్మ పొయ్యి ఏర్పాటు చేయడానికి ముందే బడికి వెళ్లింది. నేను వెనక గదిలోకి వెళ్లాను.

"ఆయా, ఆ సామలు కాసిని ఇస్తారా? పిల్లలకు చూపించడానికి."

బుద్రి ఆయ చేటలో ఏదో చెరుగుతోంది. చెరగడం ఆపింది. "అయ్యి తినీవి కావమ్మా" అంది.

"తినం ఆయా. ఊరికే చూపించి సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాను. ఒక్క గింజ పోదు."

ఆమె లేచి బుర్ర దించి, మూతి పేడ గోటితో గీకి, గుప్పెడు పోసింది. ఎనిమిది జట్లుగా కూచుంటారు పిల్లలు. ఇంకాస్త అన్నాను. ఇంకాస్త పోసింది. ఇంకాస్త అన్నాను.

"మొత్తం?" అంది.

"సాయంత్రానికి ఇచ్చేస్తాగా" అన్నాను. బుర్ర తలకిందులు చేసింది. కిలోకు తక్కువే ఉంటాయి. కిందటేడు పంట పందులు తొక్కేయడంతో మిగిలిందే అంతట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

నేనేమీ మేడలో పుట్టినదాన్ని కాదు. రాజాం దగ్గర రైతు ఇంటి పిల్లని. కానీ నాకు ఊహ తెలిసేటప్పటికే మా నాన్న విత్తనం సంచుల్లో కొనేవాడు. గులాబీరంగు మందు పూసి ఉండేది. "తినకండి" అని సంచి మీద పుర్రె బొమ్మ ఉండేది. విత్తనం అంటే కొట్లో దొరికేది, గింజ అంటే ఇంట్లో తినేది. ఆ రెండూ ఒకటేనని నాకు పుస్తకంలో తెలుసు. చేతికి తెలియదు.

పాఠం మాత్రం అదిరిపోయిందని చెప్పక తప్పదు. నలభై మంది గుంటలు కిక్కురుమనలేదు. సామలు మూకుట్లో చిటపటలాడుతూ గెంతుతుంటే ముందు వరుసలో ఒక పిల్ల "ఇయ్యి ఎప్పుడు కుదురుగుంటాయి మేడమ్?" అని అడిగింది. "మూడు లక్షల ఎనభై వేల ఏళ్లకి" అన్నాను. క్లాసంతా "ఓలమ్మో" అంది. పేలాలు కాకముందే, ఒక్కటీ మాడకుండా ప్రతిసారీ సరిగ్గా దించాను. "మీ ఒంట్లో ఉన్న హైడ్రోజన్ అప్పుడు పుట్టిందే. మిగతావి తర్వాత నక్షత్రాల్లో ఉడికాయి. ఏ పరమాణువూ ఎక్కడికీ పోదు, చోటు మారుతుంది అంతే" అని ముగించాను. కొండమ్మ కళ్లు తుడుచుకుంది. సామలు నేను అరకు సంతలో కొని తెచ్చాననుకుందట.

తర్వాత పిల్లలతో నేలమీద చెదిరిన ప్రతి గింజా ఏరించాను. చేటలో వేరుచేయించి, సామలు తువ్వాలులో మూటగట్టి, మాట నిలబెట్టుకున్నదాన్నన్న గర్వంతో తీసుకెళ్లి బుద్రి ఆయ చేతిలో పెట్టాను. ఆమె మూట విప్పింది. వాసన చూసింది. ఒక గింజ పంటికింద పెట్టి కొరికింది.

"అన్నం తిన్నావా అమ్మా?" అంది.

తినలేదన్నాను. సాయంత్రం కొత్తరకం జావ కాచింది. వేయించిన గింజ కమ్మదనం, పైన చిటికెడు ఉప్పు. చాలా బాగుందని రెండోసారి వేయించుకున్నాను. ఆమె మళ్లీ గరిటెడు పోసింది.

విత్తనాల రోజు

మర్నాడు ఇటుకల పండుగలో విత్తనాల రోజు. ఊరి చివర దేవత రాళ్ల ముందు పేడతో అలికి ముగ్గు పెట్టారు. ప్రతి ఇంటి ఆడమనిషీ తన ఇంటి విత్తనాలు రకానికొక దొప్ప చొప్పున తెచ్చి పెట్టాలి. అవి పండుగ చివరి రోజుదాకా దేవత దగ్గరే ఉంటాయి. చివరి రోజు ఆడవాళ్లు కూచుని అన్నీ కలిపితే, పూజారి ఇంటికి గుప్పెడు పంచుతాడు. ఆ గుప్పెడు తమ విత్తనంలో కలుపుకొని చల్లుతారు. అంటే ఒక ఇంట్లో ఉన్న రకం కాస్తకాస్త అందరి చేలలోకీ చేరుతుంది. మాకు వ్యవసాయ శాఖ ఉంది, వీళ్లకు ఈ దొప్పలున్నాయి అని నేను కొండమ్మతో చమత్కరించాను. పిల్లలు అడవిపూలతో గుచ్చిన దండ నా మెడలో వేసి, ముందు వరుసలో చాప మీద కూచోబెట్టారు.

బుద్రి ఆయ వంతు వచ్చింది. రెండు దొప్పలు పెట్టింది. పూజారి ఆమె భాషలో ఏదో అడిగాడు. ఆమె నేలను చూస్తూ రెండు ముక్కల్లో జవాబు చెప్పింది. గుంపులో గుసగుసలు లేచాయి. ఒక ముసలామె గట్టిగా కసిరింది.

"ఏమైంది?" అన్నాను.

కొండమ్మ చిన్నగా చెప్పింది. "సామలేవి అని అడిగాడు. పురుగు పట్టేసింది అంటోంది ఆయ. బుర్రలో బూడిద కలపలేదా, ఒళ్లు మరిచిపోయావా అని ఆ ముసలామె తిడుతోంది. విత్తనం పాడుచేసుకున్న ఇంటి మనిషి ఇవాళా కూచోకూడదు, చివరి రోజు కలిపేటప్పుడూ కూచోకూడదు మేడమ్. అందుకే వెనక్కి పొమ్మంటున్నారు."

బుద్రి ఆయ ఎవరివైపూ చూడకుండా లేచి గుంపు వెనక్కి వెళ్లి నిలబడింది. కొండమ్మ ఆమెనే చూస్తూ ఉన్నట్టుండి నావైపు తిరిగింది. ముఖం మారిపోయింది.

"మేడమ్, నిన్న మూకుట్లో వేసిన సామలు ఎక్కడివి?"

చెప్పాను.

అప్పుడు నాకు అంతా ఒక్కసారే అర్థమైంది. వేగిన గింజ మొలవదు. ఏ పరమాణువూ పోలేదు. కర్బనం అక్కడే ఉంది, ఆక్సిజన్ అక్కడే ఉంది. మొలక మాత్రం పోయింది. విత్తనంగా పనికిరాదని తెలిసి ఆమె వాటిని జావ కాచి నాకే పెట్టింది. నేను రెండోసారి అడిగి మరీ తాగాను. ఈ ఊరి ఆకలి రోజుల పంట నా కడుపులో ఉంది. పైగా నా పేరు బయటికి రాకుండా ఆమె నెపం పురుగు మీద పెట్టింది.

"చెప్పండి మేడమ్. ఇప్పుడే లేచి చెప్పండి, నేను వాళ్ల మాటలో చెబుతాను" అంది కొండమ్మ.

నేను లేవలేదు. మెడలో దండ ఉంది. పక్కనే నలభై మంది పిల్లలు, విశ్వం పుట్టుక చెప్పిన మేడమ్ అని వాళ్ల అమ్మలకు నన్ను వేలుపెట్టి చూపిస్తున్నారు. పూజారి తర్వాతి ఇంటిని పిలిచాడు. తెలియక వేయించడం ఒక తప్పు. కళ్ల ముందు ఆమెను వెనక్కి పంపుతుంటే నోరు మూసుకుని కూచోవడం ఇంకో తప్పు. మొదటిదానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకోవచ్చు. రెండోదానికి ఇప్పటికీ కుదరడం లేదు.

జోలాపుట్ నీళ్లు దాటి

ఆ సామలు ఇంకెక్కడైనా ఉంటే బుద్రి ఆయ పుట్టింట్లోనే ఉండాలి అంది కొండమ్మ. చివరి రోజుకింకా రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే జీపులో జోలాపుట్ వెళ్లాం. జీపులో పదిహేను మందిమి. తలకి యాభై రూపాయలు, కోడికి ఊరికే. రిజర్వాయరు నీళ్లు నాటుపడవలో దాటాలి. పడవ ఎక్కుతూ జారి నడుందాకా దిగబడ్డాను. ఫోను అక్కడే పోయింది. కొండమ్మ నవ్వకుండా నన్ను పైకి లాగింది. ముందురోజు నుంచి ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఆ తడిబట్టల కన్నా అదే ఎక్కువ చలి పుట్టించింది.

పుట్టింట్లో బుద్రి ఆయ మరదలు ఉంది, మొత్తి అని. మంగళవారం పుట్టిన మనిషి. ఈతచాప పరిచి మమ్మల్ని కూచోబెట్టింది. కొండమ్మ వచ్చిన పని చెప్పింది. నేను పర్సు తీశాను. మొత్తి పర్సును చూసి కొండమ్మను ఏదో అడిగింది.

"విత్తనానికి డబ్బులేంటి అంటోంది మేడమ్. ఇక్కడ విత్తనం అడిగినవాళ్లు తమది ఎలా పోయిందో చెప్పాలి. అది చెబితే ఇస్తారు."

ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి అని ఇంట్లో కూచుని రాయడం తేలిక. అక్కడ చెమటలు పట్టాయి. "మూకుట్లో వేయించాను" అన్నాను. కొండమ్మ చెప్పింది. మొత్తి నమ్మలేదు. మళ్లీ అడిగింది. నేను చేతులతో మూకుడు ఊపి చూపించాను. ఆ ఇల్లంతా నవ్వింది. పక్కింటివాళ్లు వచ్చారు, వాళ్లకీ చెప్పింది, వాళ్లూ నవ్వారు. మొత్తి కళ్లు తుడుచుకుంటూ "ఎందుకు?" అని తెలుగులోనే అడిగింది. విశ్వం ఎలా పుట్టిందో చూపించడానికి అన్నాను. కొండమ్మ తర్జుమా చేసేటప్పటికి మొత్తి నవ్వడం ఆపింది.

"దానికి ఏపడమెందుకు? నాటితే తెలీదా?" అంది.

ముప్పై రెండేళ్లలో నన్ను ఇంత చిన్న ప్రశ్నతో ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

రెండు దోసిళ్ల సామలు కొత్త గుడ్డలో కట్టి నా తలమీద పెట్టింది. ఇచ్చిన విత్తనం పుచ్చుకున్న ఇంటి గడప చేరేదాకా నేల తగలకూడదట. ఆ రాత్రికి అక్కడే ఉన్నాం. మూట దూలానికి వేలాడదీశారు. తెల్లారాక మళ్లీ తలకెత్తారు. పడవ రేవు బురదలో నా కుడికాలి చెప్పు ఇరుక్కుపోయింది. తలమీద మూటతో వంగలేను. చెప్పును అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో నడిచాను, కొంతదూరం పోయాక రెండోదీ విసిరేశాను. జీపులో మూట ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఒక ముసలాయన ఏమిటది అని అడిగి, విత్తనం అనగానే లేచి కిటికీ పక్కన చోటిచ్చాడు.

చివరి రోజు

దారిలో కొండమ్మ ఒకటే మాట చెప్పింది. "ముందు ఇంటికెళ్లి మూట ఆయ చేతిలో పెడదాం మేడమ్. ఏం చెప్పాలో, చెప్పాలో వద్దో ఆయని అడుగుదాం."

సరే అన్నాను. కానీ మేం చేరేటప్పటికి ఇల్లు తాళం వేసి ఉంది. డప్పులు వినిపిస్తున్నాయి. దేవత రాళ్ల దగ్గర ఊరంతా ఉంది. ఆడవాళ్లు గుండ్రంగా కూచుని విత్తనాలు కలపడం అప్పుడే మొదలుపెట్టారు. బుద్రి ఆయ దూరంగా ఒక్కతే నిలబడి చూస్తోంది. ఆమెను అలా చూడగానే నేను ఆగలేకపోయాను. కొండమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకుని నేరుగా మధ్యలోకి వెళ్లాను.

"ఆయ సామలకు పురుగు పట్టలేదు. తప్పు ఆయది కాదు, నాది. నేనే అడిగి తీసుకెళ్లి పాఠం కోసం వేయించేశాను. ఇవిగో, ఆమె పుట్టింటి నుంచి తెచ్చాను" అన్నాను. కొండమ్మ తర్జుమా చేయలేదు. తెలుగు వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పారు. డప్పులు ఆగిపోయాయి. మూడు రోజుల బరువు దిగిపోయి నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే, అందులో కాస్త సంతోషం కూడా ఉంది. ఎవరో ఒకరు వచ్చి నా భుజం తడతారని కూడా అనుకున్నాను.

ఎవరూ నావైపు చూడలేదు. బుద్రి ఆయవైపు చూశారు.

పూజారి ఆమెను ముందుకు పిలిచాడు. మాటలు అర్థం కాకపోయినా అడిగిందేమిటో అర్థమైంది. దేవత ముందు నిలబడి పురుగు పట్టిందని ఎందుకు చెప్పావు? ఆమె నా దగ్గరికి వచ్చి తలమీది మూట రెండు చేతులా దించుకుంది. మూటను కళ్లకు అద్దుకుంది. అప్పుడు నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఆయేళ సెప్పాల్సింది. అప్పుడు సెప్పనేదు. నా తప్పనుకున్నారు, పోనీ అనుకున్నాను. బుర్రకి బూడిదెయ్యనేదని ఓ ఏడు తిడతారు, మరిసిపోతారు. ఇప్పుడేటి? బుద్రి దేవతకాడ అబద్దమాడినాది అని నా మనవల కాలందాకా సెప్పుకుంటారు. నీ సిగ్గు నువ్వు దించీసుకున్నావు. నా నెత్తిన ఎట్టినావు. నన్నోపాలి అడగొద్దా?"

అడగమని ఒకరు చెప్పారు కూడా.

దేవత దగ్గర అబద్ధమాడినందుకు ఒక కోడిని ఇవ్వాలని పెద్దలు చెప్పారు. అది ఇస్తే ఆమె వచ్చి కూచోవచ్చు. నేను వెంటనే కోడి నేను కొంటానన్నాను. నా చెయ్యి మళ్లీ పర్సు మీదికి పోయింది.

"అబద్దం నాది. కోడీ నాదే" అంది బుద్రి ఆయ. "నువ్వు బేగెల్లు. బస్సు ఎల్లిపోద్ది."

ఆమె ఇంటికెళ్లి కోడిని తెచ్చేదాకా ఆడవాళ్లు చేతులు ఆపి ఆగారు. నేను ఆగలేదు. వట్టికాళ్లతో రోడ్డుదాకా నడిచి బస్సెక్కాను. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఆమెను కూచోనిచ్చారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. కొండమ్మకి ఫోన్ చేసి అడగాలని రోజూ అనుకుంటాను. ఆమె చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుందని తెలుసు. అందుకే ఇంకా చేయలేదు.